కొండనాలుకకు మందు

మా నాయనమ్మ పదిమందిని కన్నది. దక్కింది నలుగురు. ఈ లెక్క ఆవిడ ఏనాడూ కన్నీళ్ళతో చెప్పలేదు. ఆ ఏడు ఎన్ని బస్తాలు పండాయో చెప్పినంత మామూలుగా చెప్పేది. ఒకడు పురిటి వారంలోనే ధనుర్వాతంతో పోయాడు. ఇద్దరిని వాంతులూ విరేచనాలూ తీసుకుపోయాయి. ఒక ఆడపిల్లకు అమ్మవారు పోసింది. తక్కిన ఇద్దరి సంగతి ఆవిడకే సరిగా గుర్తుండేది కాదు. "అప్పట్లో అందరికీ అంతేరా" అని ముగించేది.

చాలా ఏళ్ళ తరువాత భోర్ కమిటీ నివేదిక చదువుతూ ఉంటే ఆ "అందరికీ అంతే" అన్నమాట నాకు అంకెల రూపంలో ఎదురైంది. 1937లో బ్రిటిషు ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లోనూ 162 మంది ఏడాది నిండకుండానే మరణించారు. సగటు ఆయుర్దాయం ఇరవయ్యేడేళ్ళకు దగ్గర. వెయ్యిమంది జనానికి ఆసుపత్రి పడకలు పావువంతుకన్న తక్కువ, 0.24. అదే కాలంలో ఇంగ్లండులో 7.14. ఒక్కొక్క వైద్యునికి సుమారు 6,300 మంది, ఒక్కొక్క నర్సుకు 43,000 మంది ప్రజలు. మా నాయనమ్మ అక్షరం ముక్క రాకపోయినా సరిగ్గానే లెక్క చెప్పిందన్నమాట.

మన దేశపు ప్రజావైద్య వ్యవస్థకు జాతకం రాసిన గ్రంథం ఈ నివేదికే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే మాట మనకు దీనివల్లనే అలవాటైంది. ఇందులోని గొప్పతనం గురించి చాలామంది రాశారు. అది చేసిన ఒక నిర్ణయం గురించి, దానివల్ల మన పల్లెల్లో జరిగినదాని గురించి చెప్పడం ఈ టపా ఉద్దేశం. నిర్ణయం చిన్నదిగా కనిపిస్తుంది. డెబ్భయ్యేళ్ళు దాటినా దాని నీడ ఇంకా మన మీదినుంచి తొలగలేదని నా అభిప్రాయం.

మొదట కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 1942 డిసెంబరులో ఇంగ్లండులో బెవరిడ్జ్ నివేదిక వెలువడింది. యుద్ధం ముగిశాక ప్రజలకు ఎటువంటి దేశాన్ని ఇవ్వాలన్న ఆలోచన అక్కడ ఊపందుకుంది. 1943 అక్టోబరులో ఇక్కడ సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఆరోగ్య సర్వేక్షణ, అభివృద్ధి సంఘం ఏర్పడింది. భోర్ వైద్యుడు కాదు, ఐ.సి.ఎస్. అధికారి, ఒకప్పుడు కొచ్చిన్ సంస్థానానికి దివానుగా పనిచేసినవాడు. సభ్యుల్లో మద్రాసునుంచి డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియారు, కలకత్తానుంచి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్, కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషీ వంటివారు ఉన్నారు. వైద్యచరిత్రకారుడు హెన్రీ సిగరిస్ట్ 1944లో ఇండియాకు వచ్చి సలహాలిచ్చాడు. కమిటీ పని మొదలుపెట్టిన ఆ నెలల్లోనే బెంగాలులో కరువు జనాన్ని లక్షల సంఖ్యలో మింగుతోంది. ఆరోగ్యమంటే మందుసీసా మాత్రమే కాదనీ, అన్నమూ, నీళ్ళూ, ఇల్లూ, పారిశుద్ధ్యమూ అందులో భాగాలేననీ కమిటీ గట్టిగా చెప్పిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

1946లో నాలుగు సంపుటాలుగా నివేదిక వచ్చింది. డబ్బు లేదన్న కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మూలసూత్రం. ఆ సూత్రం మీద కట్టిన ప్రణాళిక నేటికీ చదువరిని నివ్వెరపరుస్తుంది. పదినుంచి ఇరవై వేల జనాభాకు 75 పడకల ఆసుపత్రితో ఒక ప్రాథమిక కేంద్రం. దానిపైన 650 పడకల ద్వితీయ కేంద్రం. ముప్పై లక్షల జనాభా గల జిల్లాకు 2,500 పడకల పెద్దాసుపత్రి. ఇది దీర్ఘకాలిక స్వప్నం. తక్షణ ప్రణాళికగా నలభైవేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. వైద్యులందరూ పూర్తికాలపు జీతగాళ్ళు. ప్రభుత్వ వైద్యులకు స్వంత ప్రాక్టీసు నిషేధం.

ఇక ఆ నిర్ణయం సంగతి. అప్పట్లో మన దేశంలో వైద్యులు రెండు రకాలు. విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పుచ్చుకున్నవారు ఒకరు. వైద్య పాఠశాలల్లో నాలుగేళ్ళు చదివి లైసెన్సు పొందినవారు రెండోవారు. వీరినే మనవాళ్ళు ఎల్.ఎం.పి. డాక్టర్లు అనేవారు. పాత తెలుగు కథల్లో తాలూకా కేంద్రాల్లో గుర్రబ్బండి మీద తిరిగే డాక్టరుగారు కనిపిస్తే, ఆయన ఎల్.ఎం.పి. అయివుండడానికే ఎక్కువ అవకాశం. 1940లలో దేశం మొత్తానికి రిజిస్టరైన వైద్యులు సుమారు 47,500 మంది ఉంటే, అందులో దాదాపు ముప్పైవేల మంది వీరే. అంటే ప్రతి ముగ్గురిలోనూ ఇద్దరు.

ఈ రెండో రకం వద్దని కమిటీలో అధికసంఖ్యాకులు తీర్మానించారు. ఇకమీద దేశానికంతటికీ ఒకే రకపు వైద్యుడు ఉండాలి. అతడు అయిదేళ్ళకు పైబడిన విశ్వవిద్యాలయపు చదువు చదివినవాడై ఉండాలి. లైసెన్సు పాఠశాలలను కళాశాలలుగా పెంచాలి, లేదా మూసివేయాలి.

దీన్ని దురుద్దేశంగా చూడడం అన్యాయం. వారి వాదనలో ఒక ఉదాత్తత ఉంది. పట్నంవాడికి మొదటి రకం వైద్యుడు, పల్లెటూరివాడికి రెండో రకమా? ప్రాణానికి ప్రాణానికీ ఈ తేడా ఏమిటి? స్వతంత్రం గుమ్మంలో నిలబడ్డ దేశం అడగవలసిన ప్రశ్నే అది. పైగా లైసెన్సు డాక్టర్లు కూడా తమను తక్కువగా చూడడంపట్ల ఏళ్ళ తరబడి అసంతృప్తితో ఉన్నారు.

కాని కమిటీలో కొందరు సభ్యులు ఒప్పుకోక అసమ్మతి తెలిపారు. దేశంలో వైద్యులకు ఇంత కరవున్నప్పుడు, త్వరగా, తక్కువ ఖర్చుతో తయారయ్యే వైద్యుణ్ణి వదులుకోవడం వివేకం కాదన్నది వారి వాదన. కమిటీ చాలా విషయాల్లో మెచ్చుకున్న సోవియట్ రష్యాలోనే ఫెల్డ్‌షర్ అనే మధ్యస్థాయి వైద్యసేవకుడు అప్పటికి తరాలుగా పల్లెల్లో పనిచేస్తున్నాడు. అయినా అసమ్మతి అసమ్మతిగానే మిగిలింది.

ఇక్కడ రెండు పాత సంగతులు గుర్తుచేయాలి. పల్లెలో డాక్టరు నిలవడన్న బాధ 1946లో పుట్టింది కాదు. 1920వ దశకం మధ్యలోనే మద్రాసు రాజధానిలో పానగల్లు రాజా, అంటే మన పానగంటి రామరాయణింగారు, ముఖ్యమంత్రిగా ఉండగా గ్రామీణ వైద్య సహాయ పథకం ఒకటి పెట్టారు. పల్లెలో స్థిరపడే వైద్యుడికి ప్రభుత్వం ఏటా కొంత భృతి ఇస్తుంది. అతడు బీదలకు ఉచితంగా చూస్తాడు. తక్కిన సంపాదన అతనిదే. పట్నపు డాక్టరుకు పల్లెలో అన్నం పుట్టదన్న నిజాన్ని గుర్తించి చేసిన ఏర్పాటు అది. ఆ రాజాగారే మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల కూడా తెరిపించారు. భోర్ కమిటీ మాత్రం ఆయుర్వేద, యునానీల సంగతి తేల్చే పనిని రాష్ట్రాలకు వదిలేసింది.

రెండో సంగతి మరీ ముఖ్యమైనది. 1938లో కాంగ్రెసు జాతీయ ప్రణాళికా సంఘాన్ని నెహ్రూ అధ్యక్షతన ఏర్పరచింది. అందులో ఆరోగ్య ఉపసంఘానికి కల్నల్ సోఖీ అధ్యక్షుడు. ప్రతి వెయ్యిమందికీ ఒక ఆరోగ్య కార్యకర్త ఉండాలనీ, అతనికి తొమ్మిది నెలల శిక్షణ చాలుననీ ఆ ఉపసంఘం 1940లో సూచించింది. అంటే భోర్ నివేదికకు ముందే మరో దారి కాగితం మీద ఉంది. మనం ఆ దారిన పోలేదు.

సరే, ఎంచుకున్న దారిలోనైనా చివరిదాకా నడిచామా? అసలు కథ ఇక్కడుంది. భోర్ ప్రణాళిక ఒక ఇంటి నమూనా వంటిది. పాత పాకను పీకెయ్యమన్నది, దాని స్థానంలో డాబా కట్టమన్నది. పీకడానికి ఖర్చులేదు. కట్టడానికి ఉంది. దేశం విడిపోయింది, కాందిశీకులు వచ్చారు, తిండిగింజలకే కరవొచ్చింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఆరోగ్యానికి దక్కింది మూడు శాతానికి కొంచెం పైన. ఎల్.ఎం.పి. చదువు మాత్రం ఆగిపోయింది. 75 పడకల ప్రాథమిక కేంద్రం ఎక్కడా లేవలేదు.

1952 అక్టోబరు 2న సామాజికాభివృద్ధి పథకంతోపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. కాని నలభైవేల మందికి కాదు, బ్లాకుకు ఒకటి చొప్పున. అంటే అరవై వేలనుంచి లక్ష జనాభాకు ఒకటి. పడకలు నాలుగారు. 1959లో వేసిన కమిటీకి అధ్యక్షుడు భోర్ కమిటీలో కూర్చున్న లక్ష్మణస్వామి మొదలియారే. తాము కలగన్న కేంద్రాలు ఎంత బలహీనంగా నడుస్తున్నాయో చూసి, కొత్తవి తెరిచేముందు ఉన్నవాటిని బలపరచమని ఆయన రాయవలసి వచ్చింది.

ఆ కేంద్రాలకు కూడా కొత్త రకం వైద్యుడు రాలేదు. ఎందుకు వస్తాడు? అతని చదువును లండను ప్రమాణానికి తూచి తయారుచేశాం. 1948 జూలై 5న ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. అక్కడ వైద్యులు చాలలేదు. మన పట్టాలకు అక్కడ 1975 వరకు నేరుగా గుర్తింపు ఉండేది. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని సడలించింది. ఇక చెప్పేదేముంది! బెజవాడ చుట్టుపక్కల పల్లెలకు చేరవలసిన చదువు బర్మింగ్‌హామ్‌కూ, డెట్రాయిటుకూ చేరింది. వెళ్ళినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గుంటూరు వైద్య కళాశాల పూర్వవిద్యార్థులు అమెరికాలో సంఘంగా ఏర్పడి, తాము చదువుకున్న పెద్దాసుపత్రికి విరాళాలతో భవనాలు కట్టించారు. ఋణం తీర్చుకోవాలన్న మనసు లేనివారు కారు. కాని ఇంటినుంచి పోయిన మనిషి పంపే మనియార్డరు ఆ మనిషి కాదు కదా. బెవరిడ్జ్ కాగితం వారి దేశంలో ఆసుపత్రి అయింది, మన భోర్ కాగితం తయారుచేసిన డాక్టరు వెళ్ళి ఆ ఆసుపత్రిలో పనిచేశాడు.

మరి మన పల్లె ఊరుకుందా? జ్వరం కమిటీల కోసం ఆగదు. ఎల్.ఎం.పి. ఖాళీచేసిన కుర్చీలో ఆర్.ఎం.పి. వచ్చి కూర్చున్నాడు. ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టరైన వైద్యుడని. మన పల్లెల్లో ఆ పేరుతో పిలవబడేవాడు సాధారణంగా ఏ రిజిస్టరులోనూ లేనివాడు. మా ఊరి ఆర్.ఎం.పి. పట్నంలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసి వచ్చాడు. సైకిలు, తోలుసంచీ, స్టీలు డబ్బాలో గాజు సిరంజి. కిరసనాయిలు స్టవ్వు మీద నీళ్ళు కాగుతున్నప్పుడు ఆ సిరంజి చేసే గలగల శబ్దం నా చిన్నతనంలో భయానికి మరోపేరు. సిరంజి మరిగేది కాని, సూది అన్నిసార్లూ మరిగేది కాదని ఇప్పుడు తెలుసు. ఒళ్ళునొప్పికీ, ఆయాసానికీ, పిల్లల దగ్గుకూ ఒకే స్టెరాయిడు మాత్ర ఇచ్చేవాడనీ తెలుసు. రోగి దగ్గర రెండురోజులకే డబ్బుంటే క్రిమిసంహారిణి మందు రెండురోజులకే ఇచ్చేవాడు.

ఈ మాటలన్నీ ఒకసారి మా నాన్నతో అన్నాను, కొంచెం చదువుకున్న అహంకారంతో. ఆయన అంతా విని, "నువ్వు చెప్పింది నిజమే. కాని అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే" అన్నాడు. దానికి నా దగ్గర అప్పుడు సమాధానం లేదు, ఇప్పుడూ లేదు. నాయనమ్మ చివరి రోజుల్లో ఆవిడ మంచం పక్కన కూర్చుని నాడి చూసింది అతడే.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. పల్లెటూరివాడికి రెండో రకం వైద్యుడు తగడన్నాం. మొదటి రకం రాలేదు. మూడో రకం వచ్చాడు, శిక్షణ లేకుండా, అజమాయిషీ లేకుండా, చట్టం గుర్తింపు లేకుండా. సమత్వం పేరిట చేసిన పని అసమత్వాన్ని మరింత లోతు చేసింది. సూత్రం తప్పు కాదు. దానికయ్యే ఖర్చు భరించకుండా సూత్రాన్ని మాత్రం అమలుచేయడం తప్పు.

అంటే ఈ వ్యవస్థ ఏమీ చేయలేదా? అలా అంటే కృతఘ్నత. 1975లో మశూచి దేశంనుంచి పోయింది. మా మేనత్త కాని మేనత్తను తీసుకుపోయిన ఆ అమ్మవారు ఇక రాలేదు. 2011 జనవరి తరువాత వైల్డ్ పోలియో వైరస్ కేసు లేదు. వెయ్యికి 162గా ఉన్న శిశుమరణాలు 2020 నాటికి 28కి దిగాయి. ఆయుర్దాయం డెబ్భయ్యేళ్ళకు చేరింది. కాని ఈ విజయాల్లో పెద్దవాటిని గమనించండి, అవి దండయాత్రలు. ఒక జబ్బు, ఒక జట్టు, ఒక గడువు. దండయాత్ర చేయడం వచ్చిన ఈ వ్యవస్థకు కాపురం చేయడం రాలేదు. మలేరియా దీనికి సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చిననాడు ఏటా ఏడున్నర కోట్ల కేసులుండగా, డి.డి.టి. జట్లు ఊరూరా తిరిగి 1965 నాటికి వాటిని లక్షకు తెచ్చాయి. ఆ తరువాత జట్లు వెనక్కి వెళ్ళి, ఊళ్ళో ఉండి కనిపెట్టుకోవలసిన పని ఆరోగ్య కేంద్రాలకు వచ్చింది. దోమలు మందుకు లొంగకపోవడం ఒక కారణమే. కాని కనిపెట్టుకుని ఉండవలసినవాడు ఊళ్ళో లేకపోవడం మరో కారణం. 1976 నాటికి కేసులు అరవైనాలుగు లక్షలు.

వదిలేసిన దారిని ఆ తరువాత ముక్కలు ముక్కలుగా వెదుక్కుంటూ వస్తున్నాం. 1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం వెయ్యిమందికి ఒక ఆరోగ్య కార్యకర్త పథకం తెచ్చింది. నెలకు యాభై రూపాయల భృతి. అది క్రమంగా కొడిగట్టింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది, మళ్ళీ వెయ్యిమందికి ఒకరు. సోఖీ ఉపసంఘం చెప్పిన అంకె అదే. చేరడానికి అరవై అయిదేళ్ళు పట్టింది. 2001లో ఛత్తీస్‌గఢ్ మూడేళ్ళ వైద్యవిద్య పెట్టి, వ్యతిరేకతకు తట్టుకోలేక కొన్నేళ్ళకే ఎత్తేసింది. 2018నుంచి ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, నర్సింగు చదివినవారికి అదనపు శిక్షణ ఇచ్చి మధ్యస్థాయి వైద్యసేవకులుగా వేస్తున్నారు. తెలంగాణలో పల్లె దవాఖానాలన్నా, ఆంధ్రలో గ్రామాల క్లినిక్కులన్నా మూలం ఈ ఆలోచనే. 2019 జాతీయ వైద్య సంఘ చట్టంలోని 32వ సెక్షను పరిమిత లైసెన్సుకు మళ్ళీ చోటిచ్చింది. అప్పుడు వైద్య సంఘాలు చేసిన అభ్యంతరం చదివితే 1946 నివేదికలోని అధికసంఖ్యాకుల వాదనే వినిపిస్తుంది: పల్లెవాడికి రెండో రకం వైద్యమా?

మన రాష్ట్రాల్లో కథ మరో మలుపు కూడా తిరిగింది. 2005 ఆగస్టు 15న 108 వాహనాలు వచ్చాయి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండెకు రంధ్రమున్న కూలివాడి బిడ్డకు పెద్దాసుపత్రిలో శస్త్రచికిత్స జరగడం చిన్నమాట కాదు. ఆ బిడ్డల ముఖాలు చూసినవారెవరూ దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. కాని అది భోర్ మేడకు పై అంతస్తు. కింది అంతస్తు ఇంకా మొండిగోడలే. రక్తపోటును ఊళ్ళోనే కనిపెట్టి రోజూ ఒక మాత్ర వేయించేవాడు లేనప్పుడు, పక్షవాతం వచ్చాక వాహనమూ వస్తుంది, ఆసుపత్రీ వస్తుంది, కాలూ చెయ్యీ మాత్రం తిరిగి రావు.

ఇప్పుడు దేశంలో ఏటా లక్షకు పైగా ఎం.బి.బి.ఎస్. సీట్లున్నాయి. ఇక వైద్యుల కొరత అంకెల్లో తీరవచ్చు. అయినా 2021–22 ప్రభుత్వ లెక్కల్లో గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన నిపుణుల్లో సుమారు ఎనభై శాతం మంది లేరు. అదే ఏడు దేశంలోని మొత్తం వైద్యవ్యయంలో 39.4 శాతం రోగులు తమ జేబునుంచి పెట్టుకున్నదే. 2013–14లో అది 64 శాతం, తగ్గిందన్నది నిజం. కాని డబ్బు లేదని ఎవరికీ వైద్యం ఆగకూడదన్న వాక్యానికి ఇంకా అంత దూరంలో ఉన్నాం. సీట్లు పెంచితే డాక్టర్లు పెరుగుతారు. ఊళ్ళో ఉండే డాక్టర్లు పెరగరు. ఊళ్ళో ఉండడమన్నది చదువుకు సంబంధించిన విషయం కాదు. ఇల్లు, జీతం, పిల్లల బడి, పైన సలహా చెప్పేవాడు, పక్కన పనిచేసేవాడు — వీటికి సంబంధించిన విషయం. పానగల్లు రాజాకు ఇందులో కొంత వందేళ్ళ కిందటే తెలుసు.

చరిత్ర చదివినందువల్ల మందు దొరకదు. రోగం ఎక్కడ మొదలైందో మాత్రం తెలుస్తుంది. ఇంకోసారి ఎవరైనా ఉన్నతమైన ఆదర్శం పేరుతో ఉన్నదాన్ని మూసేద్దామన్నప్పుడు, దాని స్థానంలో వచ్చేది ఎప్పుడొస్తుంది, అందాకా ఆ ఊళ్ళో రాత్రిపూట తలుపు తీసేదెవరు అని అడగడానికి పనికొస్తుంది.

మీ ఊళ్ళో ఎల్.ఎం.పి. డాక్టరుగారిని చూసిన పెద్దలు ఇంకా ఉంటే వారిని అడిగి రాయండి. ఆయన ఎక్కడ చదివారు, ఫీజు ఎంత తీసుకునేవారు, ఆయన తరువాత ఆ ఇంట్లోకి ఎవరొచ్చారు? ఏ నివేదికలోనూ లేని చరిత్ర అది. మా నాయనమ్మ లెక్కలాగే, చెప్పేవారు పోతే పోతుంది.